ఎత్తిన చెంచా దించని వీరుడు

వినుడు, కడుపు నిండిన పుణ్యాత్ములారా! శీతకాలము పచ్చికబయళ్ళను ఇంకను విడువక పట్టుకొని వ్రేలాడుచున్న యొకానొక ప్రాతఃకాలమున, పట్టణఘోషకు ఆరు మైళ్ళ దవ్వున, నల్లరాతిగోడలతో, నాచు పట్టిన పెంకులతో, తన నూట ఎనుబదియేండ్ల వయస్సును ప్రతి మెట్టు చేతను కిర్రుకిర్రున చెప్పించుకొనుచు నిలిచిన పురాతన విడిది హోటలునందు, ఏడు నిమిషముల ఆలస్యమును ఏనాడును తప్పని నిలువుగడియారము తొమ్మిది కొట్టుచుండగా, ఒక మానవునకును ఒక ఆమ్లెట్టుకును నడుమ జరిగిన ఘోరసంగ్రామమును చెప్పబోవుచున్నాను. ఇందు రక్తపాతము లేదు. టొమాటో సాసు మాత్రము కొంచెము ఒలికినది.

ఆ మానవుడు సామాన్యుడా? కాదు. ముప్పదినాలుగేండ్లు సర్వే ఆఫీసులో నక్షాలు గీసి, పొలములకు హద్దులను, రోడ్లకు వంపులను ప్రసాదించి, నిరుడే రిటైరైన సరళరేఖాసార్వభౌముడు. ఆఫీసువారు ఆయనను స్కేలుగారు అని పిలిచెడివారు. ఆయన చేతులకు ఒక విచిత్ర స్వభావము కలదు. పెన్సిళ్ళు కానిండు, గొడుగులు కానిండు, చెప్పులే కానిండు, ఏ రెండు పొడుగాటి వస్తువులు చిక్కినను, వానిని ఒకదాని పక్క నొకటి వెంట్రుకవాసి తేడా లేకుండ పేర్చినగాని ఆ చేతులు ఊరకుండవు. చేతులు చేయు ఈ పని స్కేలుగారికి తెలియనే తెలియదు. ఇంట ఆయన ఒకే చెంచాతో భోజనము చేయును గనుక ఇన్నేండ్లును ప్రమాదము లేకపోయెను. ఉన్నది ఒక్క గీత యయినప్పుడు దానికి జోడుగీత యెక్కడనుండి వచ్చును?

ఇట్టి నిష్కళంకుని జీవితమునను ఒక మచ్చ కలదు. పదునొకండేండ్ల క్రిందట, లిఫ్టులమ్ము కంపెనీలో మేనేజరైన బావమరిది తన ఆఫీసు విందుకు పిలువగా, స్కేలుగారు వెళ్ళి, ఒడిలో పరచుకొనుటకిచ్చిన తెల్లని గుడ్డతో కళ్ళద్దములు తుడుచుకొని, దానిని తన చేతిరుమాలే యనుకొని మడతపెట్టి జేబులో వేసికొని ఇల్లు చేరెను. అంతే! ముందుపళ్ళ నడుమ అగ్గిపుల్ల పట్టునంత సందు గల ఆ బావమరిది, ఆ సందులోనుండి ఈలవంటి నవ్వు నవ్వుచు, నలుగురు బంధువులు కూడిన ప్రతిచోటను అదే కథ చెప్పును.

"మా బావగారితో భోజనానికి వెళ్తే వచ్చేటప్పుడు గుడ్డలు లెక్కపెట్టుకోవాలండోయ్!"

పదునొకండేండ్లు! బంధువులు పగలబడి నవ్వుదురు. స్కేలుగారు తానును నవ్వును. ఆయన భార్య మాత్రము నవ్వదు. వంటింటిలోనికి పోయి గిన్నెలు గట్టిగా సర్దును.

అక్కాబావల పెండ్లి జరిగి ముప్పదియైదేండ్లు నిండినవని, ఆ బావమరిదియే ఈ హోటలులో రెండు దినములకు గదులు తీసికొని, తానే కారు నడుపుకొని వారిని తెచ్చెను. మనిషి చెడ్డవాడు కాడు, నోటికి మూత లేదంతే. బయలుదేరునాడు భార్య స్కేలుగారి చొక్కా మెడపట్టీ సవరించుచు ఇట్లనెను.

"ఏవండీ, ఈ ఒక్కసారికీ వాడి నోట్లో పడకుండా ఉండండి. ఆ గుడ్డ కథ వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. నాకింకేం వద్దు."

"పడను," అనెను వీరుడు. ఆడినమాట అదియొక్కటే. ఈ కథలోని కష్టములన్నియు దానినుండి పుట్టినవే.

మొదటి సాయంకాలము ఏడు గంటలకు భోజనశాలలో దీపములు వెలిగెను. ఊరంత బల్ల, ఉక్కబోసినను తెరువని కిటికీలు, మడమవరకు దిగబడు తివాచీ. ఆ తివాచీపై అడుగుచప్పుడు లేక, గాలి కదలక, నీడయైనను ముందుగా పడక సంచరించు ఒక వృద్ధుడు కలడు. నలుబదియారేండ్లుగా అచ్చట వడ్డించుచున్నవాడు, చేతులకు పాలనురుగువంటి తెల్లని గ్లవులు ధరించువాడు. అందరును తెల్లగ్లవుల పెద్దాయన యందురు. ఆయన వేయించిన కోడిని, వెన్నలో పొర్లించిన బంగాళాదుంపలను స్కేలుగారి ముందుంచి, గోడకు గోడయై నిలిచెను.

స్కేలుగారు మూడు ముద్దలు తినెను. మూడే. పిదప మంచినీళ్ళు త్రాగుటకై చెంచాను, ఫోర్కును ప్లేటులో పెట్టెను. చేతులు తమ అలవాటు చొప్పున వానిని జోడుగా, నక్షాలోని రైలుపట్టాలవలె పేర్చెను. ఆయన గ్లాసెత్తి, రెండు గుటకలు మ్రింగి, గ్లాసు దించి చూచునప్పటికి... కోడి లేదు! దుంపలు లేవు! ప్లేటే లేదు! ఎదుట తెల్లని బల్లగుడ్డ మాత్రము ఎండిన చెరువువలె పరచుకొనియుండెను.

"అయ్యా, నా కోడి..." అనబోవుచు ఆయన నోరు తెరచెను. ఇంతలో పెద్దాయన నడుమువరకు వంగి ఇట్లు పలికెను.

"అయ్యగారూ, ఒక్క మాట చెప్పుకోనివ్వండి. అయిందా అని అతిథిని నోరు తెరిచి అడగడం ఈ ఇంట్లో తప్పు. చెంచాలు చూసే కనుక్కోవాలి. ఎడంగా పెడితే ఇంకా తింటున్నట్టు, జోడుగా పెడితే చాలించినట్టు. ఇప్పటివాళ్ళకి ఇదెక్కడ తెలుసు? ఎటుపడితే అటు పారేస్తారు. మీరు చూడండి, గీత గీసినట్టు పెట్టారు! ఇంత పద్ధతైన మనిషిని చూసి పన్నెండేళ్ళయింది. నా కడుపు నిండిపోయిందండీ."

ఆహా, నిండినది ఎవని కడుపు! స్కేలుగారి నోరు తెరచినది తెరచినట్లే యుండెను. ఆయన బావమరిది వంక చూచెను. వాని సందుపళ్ళ నవ్వు ఆరిపోయియుండెను. భార్య వంక చూచెను. ఆమె ముఖము వెలిగిపోవుచుండెను.

"మా ఆయన అంతేనండీ," అని ఆమె తమ్మునికి వినబడునట్లు గట్టిగా అనెను. "ఏ పని చేసినా ఓ పద్ధతి ఉంటుంది."

పదునొకండేండ్లలో ఆమె ముఖమున అట్టి వెలుగును ఆయన చూచి యెరుగడు. అంతట ఆ వీరుడు తన అంతరంగమున ఇట్లు గర్జించెను: "ఓ జఠరాగ్నీ! నీవు ఎంత మండినను మండుము! ఓ వేపుడుకోడీ! నీవు వంటింటి చీకటిలో ఎంత చల్లారినను చల్లారుము! ఈ వెలుగును ఆర్పి నిన్ను మరల తెచ్చుకొనుటకు నేను సిద్ధముగా లేను! లేను! లేను!"

పైకి మాత్రము, "అబ్బే, చిన్నప్పట్నుంచీ అలవాటండీ," అనెను.

ఇక మరునాటి దురవస్థలను ఏమని వర్ణింతును? ఉదయమున, వెన్న రాసిన రొట్టె ఒక మూల మాత్రము కొరకబడి అంతర్ధానమయ్యెను. మధ్యాహ్నమున ఆయన మెలకువతో చెంచాను తూర్పునకును ఫోర్కును పడమటకును పెట్టి, గెలిచితినని మీసము సవరించుకొనెను. ఒక చేయి మీసముపై నుండగానే రెండవ చేయి, యజమానికి చెప్పకయే, పోయి ఆ రెంటిని జోడుగా సర్దివచ్చెను. చేపముక్క పోయెను. సాయంకాలము కస్టర్డు వచ్చెను, వణకెను, పోయెను. బావమరిది సైతము "ఇవన్నీ నాకూ తెలిసినవే" అని ఆ పూటనుండి తన చెంచాలను జోడుగా పెట్టసాగెను. భార్యయు అట్లే పెట్టెను. తన ప్లేటు దుఃఖములో మునిగిన స్కేలుగారు ఇతరుల ప్లేట్లు ఏమగుచున్నవో గమనింపలేదు.

గదికి పోయినను శాంతి లేదు. ముక్కాలిపీట వేసికొని యెక్కవలసినంత ఎత్తు మంచము. దానికెదురుగా తలుపుపై నూట ఎనుబదియేండ్ల దూలము, వచ్చినప్పుడొకసారి పోయినప్పుడొకసారి నుదుటిపై మొట్టుటకు వేచియుండును. అతిథులకై బల్లపై ఉంచిన రేకుడబ్బా మూతపై "బిస్కెట్లు" అని వ్రాసియుండగా, భార్య స్నానమునకు పోయినప్పుడు ఆయన దొంగవలె మూత తీసెను. లోపల రెండు నలుసులు. అంతే. ఈ చలిలో చీమలెక్కడివని ఆయన ఆశ్చర్యపడెను.

కడపటి ఉదయము వచ్చెను. పదిన్నరకు ప్రయాణము. అనగా మిగిలినది ఒక్క భోజనము, ఒక్క అవకాశము, ఒక్క ఆమ్లెట్టు. స్కేలుగారు అద్దము ముందు నిలిచి, నుదుట బొప్పిని తడుముకొని, తన కుడిచేతితోను ఎడమచేతితోను విడివిడిగా ఇట్లు పలికెను: "ఓ కరద్వయమా! ముప్పదినాలుగేండ్లు మీకు పెన్సిలిచ్చి పోషించితిని. నేడు ఎత్తిన చెంచాను దింపకుడు! దించినచో జోడుగా పెట్టుదురు, పెట్టినచో తెల్లగ్లవులు వచ్చును. భూమి కంపించినను, పైకప్పు కూలినను, ప్లేటు తళతళలాడువరకు దింపకుడు!" చేతులు విన్నట్లే యుండెను.

మెట్లు దిగుచుండగా, నడవలో మైనపుపండ్ల పళ్ళెము కనబడెను. అలంకారమునకై ఎన్ని యేండ్లనాడు పెట్టినదో, ద్రాక్షలపై దుమ్ము పేరుకొనియుండెను. అందులోని బేరిపండుపై ఒక కొత్త కాటు కలదు. కాటు నడుమ సన్నని గోడవలె మైనము తెగక మిగిలియుండెను. "మైనము తినువా డెవడో!" అని వగచుచు ఆయన రణరంగమున ప్రవేశించెను.

ఆమ్లెట్టు వచ్చెను. మూడు గ్రుడ్ల దేహము, ఉల్లిపాయల అంతరంగము, అంచులయందు గోధుమవర్ణపు కవచము. స్కేలుగారు కుడిచేత చెంచాను, ఎడమచేత ఫోర్కును బిగించి, తొలిదెబ్బతోనే తూర్పుకొసను తెంచి నోటవేసికొనెను. గోడవద్ద పెద్దాయన కనురెప్ప వాల్చలేదు. బావమరిది తన ప్లేటులో రెండు ముద్దలు తిని, టీ కప్పు అందుకొనుటకై చెంచాలు జోడించెను. క్షణములో వాని ప్లేటు మాయమయ్యెను. భార్య ప్లేటును అంతకుముందే పోయియుండెను. బల్లపై మిగిలిన ప్లేటు ఒక్కటే.

"బావగారూ, ఆ ఉప్పు ఇటివ్వండి," అనెను బావమరిది. వానికి తినుటకేమియు లేదు, పాపము, ఉప్పయినను నాకుదమనుకొనెనేమో. స్కేలుగారు చెంచా వదలక, మోచేతితో ఉప్పుబుడ్డిని నెట్టెను. అది బల్లపై జారిపోయి వాని యెదుట సరిగా నిలిచెను.

"ఇదేం పద్ధతండీ?" అని భార్య గుసగుసలాడెను.

"పాతది," అనెను వీరుడు.

అంతలో, ఆ మోచేతిదెబ్బకే పక్కకు ఒరిగిన మిరియాలబుడ్డినుండి పొడి ఎగసి నాసికాద్వారమున జొరబడెను. శత్రువులు కలసికట్టుగా వచ్చుట అనగా ఇదియే! ముక్కు ఎగిరెను, కనులు మూసికొనెను, ఊపిరి లోనికి పోయి అచ్చటనే నిలిచెను. గోడవద్ద తెల్లగ్లవులు ఒక అడుగు ముందుకు వేసెను. స్కేలుగారు చెంచాను, ఫోర్కును రెండు జెండాలవలె ఆకాశమునకెత్తి, ముఖమును మోచేతిమడతలో దాచి, పైకప్పుపైని పావురములు లేచిపోవునట్లు తుమ్మెను. తుమ్ము వెడలిపోయెను. చెంచాలు దిగలేదు. తెల్లగ్లవులు ఒక అడుగు వెనుకకు వేసెను.

ఆమ్లెట్టు సగమయ్యెను. వీరుని హృదయమున ఆశ మొలకెత్తెను. అప్పుడే ఆ హోటలు ఆచారములన్నింటిలో అతిక్రూరమైనది, తోలు అట్టతో, బంగారు అంచులతో, వెండిపళ్ళెముపై ఊరేగుచు వచ్చెను. వెళ్ళిపోవు అతిథి కడపటి ఫలహారమువద్దనే సంతకముచేయు పుస్తకమది!

"అయ్యగారూ, మీ అక్షరం మా పుస్తకంలో ఉండాలి," అని పెద్దాయన సిరాకలము మూత తీసి చేతికందించెను. "ఇప్పుడే రాసెయ్యండి, మూత తీస్తే సిరా ఆరిపోతుంది."

కలమునకు చేయి కావలెను. చేతులు రెండును యుద్ధములో నున్నవి. స్కేలుగారు ఫోర్కు గల ఎడమపిడికిటిలోనికే చెంచాను చొప్పించి, కుడిచేత కలమందుకొని, పుటపై వ్రాయనారంభించెను. ఎవ్వరును తెరువని ఆ కిటికీ సందులోనుండి గాలి వచ్చి పుటను లేపెను. కాగితము లేచినచో ఎడమచేత అదిమిపట్టుట ముప్పదినాలుగేండ్ల శిక్షణ! ఆ చేయి ఎవరి మాటయు వినక మెల్లగా దిగసాగెను. చెంచాయు ఫోర్కును ప్లేటు అంచును తాకి టింగుమనెను. తెల్లగ్లవులు చాపబడెను. ఓ దైవమా, ప్లేటులో ఇంకను అరచేతి వెడల్పు ఆమ్లెట్టు!

"ఇటివ్వండి, నేను పట్టుకుంటా," అనెను భార్య. మెరుపువలె ఆ రెంటిని ఆయన పిడికిటినుండి లాగి, గాలిలో నిలిపెను.

చాపిన గ్లవులు అట్లే ఆగి, ఏమియు ఎరుగనట్లు బల్లగుడ్డపైని ముడుత సవరించి పోయెను. స్కేలుగారు వాక్యము ముగించెను: "భోజనం అద్భుతం. ఇంకా తినాలనిపించింది." ఆ పుస్తకమున ఇంతటి నిజము మునుపెవ్వరును వ్రాసియుండరు. పెద్దాయన అద్దుడుకాగితము తెచ్చుటకై బీరువావైపు నడువగా, భార్య స్కేలుగారి చెవిలో ఇట్లనెను.

"నాకంతా తెలుసు. మొన్న కోడి పోయినప్పుడే మీ మొహం చూశాను."

"మరి చెప్పలేదేం?"

"మిమ్మల్ని అలా ఒకరు మెచ్చుకోవడం నేనెప్పుడు విన్నానని? పాడుచెయ్యబుద్ధి కాలేదు. నేనూ మీలాగే పెట్టాను, నా ప్లేట్లూ పోయాయి." ఆమె ఒక్క క్షణమాగెను. "ఆ బిస్కెట్లు తిన్నది నేనే. రెండూ."

స్కేలుగారి కనులు చెమర్చెను. మిరియముల వలన కాదు. తన పరువు నిలుచుటకై తనతో సమానముగా మాడిన ఆ మనిషిని చూచి ఆయనకు సిగ్గును ప్రేమయు ఒక్కసారిగా కలిగెను. "ఫోర్కు నువ్వుంచుకో," అని ఆయన చెంచాను మాత్రము తీసికొనెను.

చూచితిరా, ఈ వ్యూహము! ఒక గీత ఆయన చేత, ఒక గీత ఆమె చేత! ఒకరి చేతిలో ఒక్కటే యున్నప్పుడు జోడెక్కడిది? సర్వే ఆఫీసు సర్వస్వము తెలిసిన సార్వభౌమునకు రెండు దినములుగా తట్టని ఉపాయము ఆమెకు ఒక్క లాగుతో దొరకెను. ఆలుమగలు ఒకే ప్లేటుపై ఇరువైపులనుండి దాడిచేసిరి. ఉల్లిపాయలు చెల్లాచెదరయ్యెను. సాసు ఒలికెను. చివరకు నడుమ ఒకే ఒక ముక్క మిగిలెను.

ఆ ముక్కను చెంచాపై కెత్తి స్కేలుగారు తల యెత్తగా, ఎదుట బావమరిది కనబడెను. వాడు చెంచానే చూచుచుండెను. నోరు కొద్దిగా తెరచుకొనియుండెను. ముందుపళ్ళ నడుమ ఆ సందు, సందులో సన్నగా, తెల్లగా, ఇంకను వదలని మైనపు తునక!

బేరిపండు!

పదునొకండేండ్ల పగకు ఫలకాలము వచ్చెను. ఒక్క మాట చాలును. కాని స్కేలుగారు ఆ మాట నమిలి మ్రింగి, చెంచాను బల్లకు అడ్డముగా చాచెను.

"తినవోయ్. ఆకలితో ఉన్నావు."

"అబ్బే, నాకేం ఆకలండీ..." అనుచునే బావమరిది ఆ ముక్కను నోట వేసికొనెను. నమలనైనను లేదు.

ప్లేటు ఖాళీ! తళతళలాడు ఖాళీ! అప్పుడు స్కేలుగారు భార్య చేతినుండి ఫోర్కు తీసికొని, జీవితములో మొదటిసారి, తెలిసి, చూచుకొని, చెంచాను దానితో జోడుగా పెట్టెను. పెద్దాయన వచ్చి ప్లేటెత్తి, చూచి, రెండు చేతులతో పట్టుకొని నిలిచిపోయెను.

"ముగ్గురూ కలిసి ఒకే ప్లేటు ముగించడం! ఈ పద్ధతి నాకూ తెలీదండీ, ఎంత పాతదో ఏమో. అయ్యగారూ, చెప్పకూడదు గానీ, మీ ప్లేట్లన్నీ నిండుగా తిరిగొస్తున్నాయని మా వంటాయన రెండ్రోజులుగా ఉసూరుమంటున్నాడు. ఈ పూటతో పని మానేస్తానన్నాడు. ఇది చూపించొస్తా."

పెద్దాయన వంటింటి తలుపు వెనుకకు పోయెను. పిదప వంటింటినుండి మూకుళ్ళు మోగినవి, గరిటెలు మోగినవి, ఎవరో పెద్దమనిషి గొంతు పగులునట్లు "తిన్నారా! మొత్తం తిన్నారా!" అని కేకవేసెను. జయభేరి యనగా అదియే.

పదిన్నరకు, అనగా ఆ గడియారము ప్రకారము ఇంకను ఏడు నిమిషములుండగా, కారువద్ద పెట్టెలు సర్దుచు వంగిన స్కేలుగారి కోటుజేబునుండి తెల్లనిదేదో మూల బయటపడెను. చక్కగా నాలుగు మడతలు. అంచున హోటలు గుర్తు. చెంచాలు దించిన తరువాత, తుమ్ముకు తడిసిన కళ్ళద్దములు తుడుచుకొన్నది దేనితోనో ఆయనకప్పుడు గుర్తువచ్చెను.

భార్య చూచి కొయ్యబారెను. బావమరిదియు చూచెను. వాని కనులు వెలిగెను, సందుపళ్ళు బయటపడెను, ఈలనవ్వు మొదలయ్యెను.

"బావగారూ! మళ్ళీ..."

"బేరిపండు మెత్తగా ఉందటోయ్?" అని స్కేలుగారు నెమ్మదిగా అడిగెను.

ఈల సగములో తెగెను. బావమరిది నాలుక పండ్లసందునకు పోయి, తడిమి, ఆగెను. వాడు కారు తలుపు తెరచి, బావగారిని ముందుసీటులో కూర్చుండబెట్టెను. స్కేలుగారు మరల దిగి, హోటలులోనికి పోయి గుడ్డను పెద్దాయనకు తిరిగి యిచ్చివచ్చెను. భార్య వెనుకసీటులో నోటికి కొంగడ్డము పెట్టుకొని, కనుల నీరు కారునట్లు, ఆరు మైళ్ళును నవ్వెను.

ఇట్లు, జగద్విఖ్యాతమైన ఆ సమరమున, మూడు గ్రుడ్ల ఆమ్లెట్టు ఒకటి పూర్తిగా తినబడెను. దాని ఫలముగా ఆ కుటుంబమునందు గుడ్డ కథ ఆనాటినుండి ఎవ్వరి నోటను మరల వినబడలేదు. పట్టణము చేరగానే ముగ్గురును మొదట కనబడిన హోటలుకు పోయి, తలకొక చెంచా మాత్రమే అడిగి తీసికొనిరి.